మీకు తెలుసా? ఒక్క అక్షరం మారితే మందుకు లొంగదు

ఏఎస్ రావు నగర్ మెయిన్ రోడ్డు మీద నడిస్తే ఒక మందుల షాపు, దాని పక్కన డయాగ్నస్టిక్ సెంటర్, నాలుగడుగులు వేస్తే మళ్లీ మందుల షాపు. వానలు పడ్డాయంటే అన్నిచోట్లా జ్వరాల మాటే. ఈ కాలనీకి పేరిచ్చిన అయ్యగారి సాంబశివరావు 1967లో ఈసీఐఎల్‌ను నిలబెట్టిన శాస్త్రవేత్త. ఇక్కడి నుంచి నాచారం మీదుగా హబ్సిగూడ చేరితే సీసీఎంబీ, ఉప్పల్ వైపు తిరిగితే సీడీఎఫ్‌డీ, రెండూ జీవశాస్త్ర పరిశోధన సంస్థలే. రక్తంలోకి చొరబడిన బ్యాక్టీరియా యాంటీబయాటిక్‌కు ఎందుకు లొంగుతుంది, ఎందుకు లొంగదు అన్న ప్రశ్నకు జవాబులో కొంత ఈ రెండు చోట్లా దొరికింది. ఈసారి ఆ సంగతులు, వాటితో ముడిపడిన మరికొన్ని.

మిల్లీలీటరు రక్తంలో ఒకటో రెండో

టైఫాయిడ్ రోగి ఒళ్లు కాలిపోతుంటే రక్తం నిండా క్రిములే ఉంటాయని అనుకుంటాం. నిజానికి ఒక మిల్లీలీటరు రక్తంలో దొరికే టైఫాయిడ్ బ్యాక్టీరియా తరచుగా ఒకటో రెండో. ఒక్కోసారి ఆ ఒక్కటీ ఉండదు. బ్లడ్ కల్చర్‌కు పెద్దవాళ్ల దగ్గర ఒక్కో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు తీసేది అందుకే. ‘ఒక టెస్టుకు ఇంత రక్తమా’ అని చెయ్యి వెనక్కి లాక్కుంటే నష్టం మనకే.

ఆ సీసాలో క్రిమికి కావలసిన తిండి ఉంటుంది. యంత్రం దాన్ని శరీర వేడిలో ఉంచి మెల్లగా ఊపుతూ ఉంటుంది. క్రిమి పెరిగితే కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. యంత్రం దాన్ని పసిగట్టి కూత పెడుతుంది. అప్పుడు ల్యాబ్‌లో ఆ క్రిమి ఏదో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేలుస్తారు. టెస్టుకు ముందే షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ రెండు మాత్రలు మింగి ఉంటే ఉన్న ఆ కొద్ది క్రిములూ సీసాలో పెరగకపోవచ్చు. జబ్బు ఒంట్లో ఉంటుంది, రిపోర్టు మాత్రం ‘నో గ్రోత్’ అంటుంది.

అన్నీ సవ్యంగా చేసినా నూరు నిజమైన టైఫాయిడ్ కేసుల్లో బ్లడ్ కల్చర్ పట్టుకునేది సుమారు 60. ఇది దాని లోపం, ఒప్పుకోవాలి. మన వీధుల్లో ఎక్కువగా రాసే వైడాల్ టెస్టు 1896 నాటిది. అది క్రిమిని చూడదు, రక్తంలోని యాంటీబాడీలను చూస్తుంది. పాత ఇన్‌ఫెక్షన్ గుర్తులకు కూడా పాజిటివ్ అనేస్తుంది. ఏ మందుకు క్రిమి లొంగుతుందో చెప్పడం దానివల్ల అయ్యే పనే కాదు.

‘ఎస్’ అని ఉన్నా జ్వరం దిగలేదు

1990ల మొదట్లో టైఫాయిడ్‌కు సిప్రోఫ్లాక్సాసిన్ అంటే తిరుగులేని మందు. కొన్నేళ్లకే డాక్టర్లకు ఒక చిక్కు ఎదురైంది. సెన్సిటివిటీ రిపోర్టులో సిప్రో ఎదురుగా ‘ఎస్’ అని ఉంటుంది, అంటే మందు పనిచేస్తుందని. తీరా ఇస్తే నాలుగైదు రోజుల్లో దిగాల్సిన జ్వరం వారం దాటినా దిగదు. రోగి మాత్రలు ఎగ్గొట్టలేదు, ల్యాబ్ వాళ్లు పొరపాటు చేయలేదు. మారింది బ్యాక్టీరియా జన్యువు.

టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫీ డీఎన్ఏ పొడవు సుమారు 48 లక్షల అక్షరాలు. అందులో జైర్-ఏ అనే జన్యువు ఉంది. డీఎన్ఏ కాపీ అయ్యేటప్పుడు పడే మెలికలను సరిచేసే జైరేజ్ ఎంజైమ్‌లో ఒక భాగం దీన్నుంచే తయారవుతుంది. సిప్రో వెళ్లి పట్టుకునేది ఆ జైరేజ్‌నే. ఆ ప్రొటీన్‌లో 83వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం ఉండాలి. దాని తాలూకు డీఎన్ఏలో ఒకే ఒక్క ‘సి’ పోయి ‘టి’ వచ్చిందనుకోండి, సెరీన్ బదులు ఫినైల్ అలనిన్ వచ్చి కూర్చుంటుంది. ఇక మందుకు మునుపటి పట్టు దొరకదు. 48 లక్షల అక్షరాల్లో ఒక్కటి మారినందుకే ఇంత.

అయితే ఆ ఒక్క మార్పుతో క్రిమి పూర్తిగా మొండిదైపోదు. క్రిమి పెరుగుదలను ఆపడానికి కావలసిన కనీస మందు మోతాదును ఎంఐసీ అంటారు. మామూలు టైఫీకి అది మిల్లీలీటరుకు 0.03 మైక్రోగ్రాములో, అంతకన్నా తక్కువో. జైర్-ఏలో ఒక అక్షరం మారితే 0.12 నుంచి 0.5 దాకా పెరుగుతుంది. అప్పటి నిబంధన ప్రకారం 1 వరకు ఉన్నదంతా ‘ఎస్’ కిందే లెక్క. కాబట్టి రిపోర్టు బాగానే కనబడేది, మంచం మీది మనిషికే బాగుండేది కాదు. నాలిడిక్సిక్ యాసిడ్ అనే పాత మందు డిస్కును కూడా పెట్టి చూస్తే గుట్టు బయటపడుతుందని ల్యాబ్‌లు కనిపెట్టాయి. దానికి లొంగని టైఫీకి సిప్రో కూడా సరిగా పనిచేయదు. 2012లో అమెరికా ప్రమాణాల సంస్థ సీఎల్ఎస్ఐ టైఫీ విషయంలో ‘ఎస్’ హద్దును 1 నుంచి 0.06కు దించింది. క్రిమి అప్పటికప్పుడు మారలేదు, కొలత సరైంది.

ఆ తర్వాత అదే జన్యువులో 87వ స్థానం, పార్-సీ అనే ఇంకో జన్యువులో 80వ స్థానం కూడా మారిన టైఫీలు వచ్చాయి. మూడు మార్పులూ కలిసినచోట సిప్రో పూర్తిగా చేతులెత్తేసింది. నన్నడిగితే యాంటీబయాటిక్ నిరోధకత గురించి అందరికీ మొదట చెప్పాల్సిన కథ ఇదే. లొంగడానికీ లొంగకపోవడానికీ మధ్య చాలా మెట్లున్నాయి. జబ్బు ముదిరేదాకా ఎవరి కంటా పడనివి ఆ మధ్య మెట్లే.

వదిలేసిన మందు తిరిగి పదునెక్కింది

టైఫాయిడ్‌కు మొట్టమొదటి నికరమైన మందు క్లోరాంఫెనికాల్. 1948 నుంచి అది లక్షల ప్రాణాలు నిలబెట్టింది. దానికి లొంగని టైఫీ 1972లో రెండు చోట్ల పెద్దయెత్తున కనబడింది. ఒకటి మెక్సికో, రెండోది కేరళలోని కోళికోడ్. కోళికోడ్‌లో పనిచేసిన పణికర్, విమల అదే ఏడాది ‘నేచర్’ పత్రికలో ఈ నిరోధకత ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి బదిలీ అవుతోందని ప్రకటించారు. బదిలీ చేసేది ప్లాస్మిడ్, అంటే బ్యాక్టీరియా ప్రధాన డీఎన్ఏకు బయట విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం. తర్వాత ఆంపిసిలిన్‌కు, కోట్రైమాక్సజోల్‌కు లొంగనివ్వని జన్యువులూ ఆ వలయంలోకే చేరాయి.

అసలు విశేషం దీని తర్వాత ఉంది. డాక్టర్లు ఈ మూడు మందులు రాయడం తగ్గించి సిప్రోకు, సెఫ్ట్రియాక్సోన్‌కు మళ్లాక మన దేశంలో ఈ మూడింటికీ లొంగని టైఫీ ఏటేటా తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు మన దగ్గర కల్చర్‌లో వచ్చే టైఫీల్లో చాలా భాగం ఆ పాత మందులకు మళ్లీ లొంగుతున్నాయి. మందు వాడకం లేనిచోట ఆ బరువైన ప్లాస్మిడ్‌ను మోయడం క్రిమికి దండగ. జైర్-ఏ మార్పు సంగతి వేరు. దాన్ని మోయడానికి క్రిమికి పెద్ద ఖర్చేమీ లేదు, అందుకే అది వదలడం లేదు.

ఇంకో హైదరాబాద్

సింధు నది ఒడ్డున, పాకిస్తాన్‌లోని సింధ్ ప్రావిన్స్‌లో ఇంకో హైదరాబాద్ ఉంది. 2016 నవంబరులో అక్కడి పిల్లల్లో ఒక వింత టైఫాయిడ్ బయటపడింది. క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ పనిచేయలేదు. సిప్రో పనిచేయలేదు. ఆఖరికి అందరూ నమ్ముకున్న సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షనూ పనిచేయలేదు. నోటితో వేసుకునే మందుల్లో మిగిలింది అజిత్రోమైసిన్ ఒక్కటే. అది కాకపోతే ఆసుపత్రిలో చేరి ఖరీదైన కార్బాపెనెం సూదులు వేయించుకోవాలి.

కరాచీలోని ఆగాఖాన్ విశ్వవిద్యాలయం, ఇంగ్లండ్‌లోని వెల్‌కం శాంగర్ సంస్థ కలిసి ఆ క్రిమి డీఎన్ఏను పూర్తిగా చదివి 2018లో ఫలితం ప్రకటించాయి. దక్షిణాసియా అంతటా ఉన్న హెచ్-58 అనే టైఫీ తెగే అది. పాత మూడు మందులను తట్టుకునే జన్యువులు దాని ప్రధాన డీఎన్ఏలోనే స్థిరపడిపోయాయి. పైగా అది కొత్తగా ఒక ప్లాస్మిడ్‌ను సంపాదించింది. అందులో సెఫ్ట్రియాక్సోన్‌ను తుంచేసే సీటీఎక్స్-ఎం-15 జన్యువు, సిప్రో నుంచి జైరేజ్‌ను కాపాడే క్యూఎన్ఆర్-ఎస్ జన్యువు పక్కపక్కనే ఉన్నాయి. మన పేగుల్లో మామూలుగా బతికే ఈ-కోలై నుంచి అది ఆ ప్లాస్మిడ్‌ను అందుకుని ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. ఏళ్ల తరబడి మెల్లగా జరగాల్సిన మార్పు ఒక్క బదిలీతో పూర్తయింది.

ఆ సింధ్ పిల్లలకు వేసిన టీకా ఎక్కడిదో తెలుసా? మన హైదరాబాద్‌ది. శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో ఉన్న భారత్ బయోటెక్ 2013లో తెచ్చిన టైప్‌బార్-టీసీవీ. దానికి 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్ ఇచ్చింది. సింధ్‌లోని హైదరాబాద్‌లో రెండు లక్షల మందికి పైగా పిల్లలకు ఆ టీకా వేశారు. ఇన్ని మందులకు మొండికేసిన ఆ టైఫాయిడ్‌ను అది సుమారు 97 శాతం అడ్డుకున్నట్టు తర్వాతి అధ్యయనంలో తేలింది. 2019 నవంబరులో పాకిస్తాన్ ఈ రకం టీకాను పిల్లల సాధారణ టీకాల జాబితాలో చేర్చిన మొదటి దేశమైంది.

మందులు ఓడినచోట టీకా గెలవడానికి కారణం ఉంది. టీసీవీ చేసేదల్లా టైఫీ ఒంటి మీది వీఐ అనే చక్కెర పొరను మన శరీరానికి ముందే పరిచయం చేయడం. లోపల జైర్-ఏ మారిందా, సీటీఎక్స్-ఎం వచ్చిందా అన్నదానితో దానికి పని లేదు. ఆ చక్కెరను ఒక ప్రొటీన్‌కు జతచేయడం వల్ల ఆరు నెలల పసిపిల్లలకు కూడా పనిచేస్తుంది. రెండేళ్లు దాటితే గాని పనిచేయని పాత టీకాకూ దీనికీ అదే తేడా. మన నగరంలోనే ఉన్న బయొలాజికల్-ఇ తయారుచేసే టైఫిబెవ్‌కు 2020 డిసెంబరులో అదే గుర్తింపు వచ్చింది. అందులోని వీఐ చక్కెరను టైఫీ నుంచి తీయరు. జబ్బుకు సంబంధం లేని సిట్రోబాక్టర్ అనే ఇంకో బ్యాక్టీరియా నుంచి తీస్తారు. రెండు దేశాల మధ్య మాటలు ఎలా ఉన్నా, ఒక హైదరాబాద్ పిల్లలను ఇంకో హైదరాబాద్ టీకా కాపాడిందని రాయడం నాకు నిజంగా సంతోషం.

అజిత్రో కూడా

సింధ్‌లో ఆఖరుకు మిగిలిన ఆ నోటి మందు అజిత్రోమైసిన్‌ను తప్పించుకునే టైఫీ జన్యుమార్పు 2019లో బంగ్లాదేశ్‌లో బయటపడింది. లోపలికి వచ్చిన మందును బయటికి తోడేసే పంపు ఒకటి ఈ బ్యాక్టీరియాల్లో ఉంటుంది. అక్ర్-బీ అనే దాని భాగంలో 717వ అమైనో ఆమ్లం మారితే పంపు అజిత్రోను ఇంకా చురుగ్గా తోడుతుంది. ఇక్కడా మారింది ఒక్క అక్షరమే. తర్వాత అది మన దేశంలోనూ, నేపాల్‌లోనూ, పాకిస్తాన్‌లోనూ కనబడింది. జలుబుకూ గొంతునొప్పికీ అజిత్రో మూడు మాత్రల స్ట్రిప్ అడిగి కొనే అలవాటు మన పేటలన్నిట్లో ఉంది. వైరస్ తెచ్చిన జలుబుకు ఆ మందు చేసే మేలు సున్నా.

హబ్సిగూడలో కనిపెట్టిన కత్తెరలు

పెనిసిలిన్ మొదలు మెరోపెనెం దాకా ఒక పెద్ద మందుల కుటుంబమంతా గురిపెట్టేది బ్యాక్టీరియా కణకవచాన్ని. మన కణాలకు ఆ కవచం లేదు, అందుకే ఆ మందులు మనల్ని వదిలి క్రిమినే కొడతాయి. ఆ కవచం పేరు పెప్టిడోగ్లైకాన్. పొడవైన చక్కెర గొలుసులు, వాటిని అడ్డంగా కలిపే చిన్న పెప్టైడ్ ముడులు. నులక మంచం అల్లికను తలుచుకోండి. బిగించి అల్లిన మంచంలో కొత్త తాడు చేర్చాలంటే ముందు పాత ముడి ఎక్కడో తెగాలి. ఎక్కడపడితే అక్కడ తెగితే అల్లికంతా జారిపోతుంది. మంచి వసతి ఉంటే ఈ-కోలై 20 నిమిషాలకోసారి రెండవుతుంది. అంటే ఈ తెంపడం, కలపడం క్షణం ఆగకుండా జరగాలి.

ముడులు వేసే ఎంజైములు తెలుసు, పెనిసిలిన్ పట్టుకునేది వాటినే. కొత్త గొలుసుకు చోటివ్వడానికి ముడులు విప్పే ఎంజైములు ఏవన్నది చాలాకాలం తేలలేదు. ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీలో మంజులా రెడ్డి బృందం 2012లో ఈ-కోలైలో అలాంటివి మూడింటిని చూపించింది. వాటి పేర్లు మెప్-ఎస్, మెప్-ఎం, మెప్-హెచ్. వీటిలో ఒకటి లేకపోతే మిగిలినవి పని నెట్టుకొస్తాయి. మూడూ లేకపోతే కొత్త గొలుసు కవచంలో చేరదు, కణం పగిలిపోతుంది. మెప్-ఎస్ ఎక్కువైపోకుండా దాన్ని ఎప్పటికప్పుడు ముక్కలు చేసే ఏర్పాటు కూడా కణంలో ఉందని ఆ బృందం 2015లో తేల్చింది. ఈ పరిశోధనకు ఆమెకు 2019 ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. ఇప్పుడున్న మందులు ఎక్కువగా ముడులు వేయడాన్ని ఆపుతాయి. విప్పడాన్ని ఆపే మందు కూడా చేయవచ్చన్న ఆశ ఆ మూడు పేర్లతో మొదలైంది. మెట్రోలో హబ్సిగూడ దాటే పిల్లలకు తల్లిదండ్రులు చూపించి చెప్పదగిన చోటు అది.

పన్నెండు అక్షరాల అడ్డం

2008లో స్వీడన్‌లో ఒక భారతీయ సంతతి రోగిలో బయటపడి, అంతకుముందు అతను చికిత్స పొందిన నగరం పేరును మోస్తున్న ఎంజైమ్ ఎన్‌డీఎం-1. రెండు జింక్ అయాన్ల సాయంతో అది కార్బాపెనెంలను కూడా తుంచేస్తుంది. పేరు మీద మన దేశంలో పెద్ద రభస జరిగింది. పేరు కన్నా ఆ జన్యువే ముఖ్యమని నా అభిప్రాయం. అది ప్లాస్మిడ్ల మీద ఎక్కి క్లెబ్సియెల్లా, ఈ-కోలై బ్యాక్టీరియాల్లో దేశమంతా తిరుగుతోంది.

ఎన్‌డీఎం తుంచలేని మందు ఒకటుంది, అజ్‌ట్రియోనాం. కాని ఆ క్రిములు సీటీఎక్స్-ఎం వంటి ఇతర ఎంజైములను కూడా వెంట ఉంచుకుంటాయి, అవి దాన్ని తుంచేస్తాయి. వాటి నోరు కట్టేయడానికి అవిబాక్టాం. అందుకే రెండింటినీ కలిపి ఇవ్వడం మన ఐసీయూల్లో ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతి. చక్కని ఆలోచన.

దీనికీ ఒక విరుగుడు మన దేశంలోని ఈ-కోలైలో తరచుగా కనబడుతోంది. కణం రెండుగా చీలేటప్పుడు మధ్యలో అడ్డుగోడ కట్టే ఎంజైమ్ పీబీపీ-3. అజ్‌ట్రియోనాం పట్టుకునేది దాన్నే. దాని జన్యువులో 12 అక్షరాలు కొత్తగా దూరి, ప్రొటీన్‌లో నాలుగు అమైనో ఆమ్లాలు అదనంగా చేరాయి. ఎంజైమ్ తన పని తాను చేసుకుంటుంది, మందు మాత్రం సరిగా అతుక్కోదు. ఎంఐసీ కొన్ని మెట్లు పెరుగుతుంది. ఎన్‌డీఎం ఉన్న ఈ-కోలైలోనే ఈ 12 అక్షరాలు ఎక్కువగా ఉండటం అసలు ఆందోళన. ఆ కాంబినేషన్ అవసరమయ్యేది సరిగ్గా ఆ రోగులకే.

ఒక మనిషి రక్తంలో 35 మార్పులు

2000లో అమెరికాలో గుండె కవాటానికి స్టఫిలోకాకస్ ఆరియస్ పట్టిన ఒక రోగికి నెలల తరబడి వాంకోమైసిన్ ఇచ్చారు. చికిత్స సాగుతుండగా రక్తం నుంచి పలుసార్లు క్రిమిని తీసి దాచారు. మొదటిదాన్ని ఆపడానికి మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము వాంకోమైసిన్ చాలింది, చివరిదానికి 8 కావలసి వచ్చింది. ఆ క్రిముల డీఎన్ఏలు చదివి 2007లో ప్రకటించిన లెక్క ప్రకారం మొదటిదానికీ చివరిదానికీ మధ్య మారినవి 35 అక్షరాలు, 31 చోట్ల. బయటి నుంచి ఏ కొత్త జన్యువూ రాలేదు. ఆ రోగికి ఎప్పుడూ ఇవ్వని డాప్టోమైసిన్‌కు కూడా ఆ చివరి క్రిమి అంతకుముందులా లొంగలేదు. ఆ మనిషి బతకలేదు. దాచిన ఆ సీసాలు మాత్రం, ఒకే ఒంట్లో మెట్టు మెట్టుగా నిరోధకత ఎలా పెరుగుతుందో ప్రపంచానికి మొదటిసారి అక్షరాలతో సహా చూపించాయి.

ఉప్పల్‌లో రో

జన్యువును ఆర్ఎన్ఏగా రాసుకుంటూ పోయే యంత్రాంగానికి ‘ఇక్కడితో ఆపు’ అని చెప్పే ప్రొటీన్ ఒకటి బ్యాక్టీరియాలో ఉంది. దాని పేరు రో. సీడీఎఫ్‌డీలో రంజన్ సేన్ బృందం ఏళ్లుగా దీని మీద పనిచేసింది. 2020లో ఆ బృందం ప్రకటించిన ఫలితం ఇది: రో సరిగా పనిచేయని ఈ-కోలై అనేక రకాల యాంటీబయాటిక్‌లకు మామూలు దానికన్నా సులువుగా లొంగిపోతుంది. దాని పైపొర తీరు మారుతుంది, మందు లోపలికి దూరడం తేలికవుతుంది. మందును తోడేసే టోల్-సీ పంపులు సరిగా పనిచేయవు. కొత్త యాంటీబయాటిక్ దొరకడం గగనమైన ఈ రోజుల్లో, రోను అడ్డుకునే ఒక సాయం మందు దొరికితే పాత మందులకే బలం వస్తుంది. బ్యాక్టీరియాను తినే వైరస్‌లలో ఒకదాని ప్రొటీన్ రోను నిజంగానే ఆపుతుంది. ఆ బృందం దాన్నీ పరిశీలించింది.

47 అమైనో ఆమ్లాలు, ఒక కోడి

ఇంకేదీ పనిచేయనప్పుడు ఐసీయూలో బయటికి తీసే మందు కొలిస్టిన్. క్లెబ్సియెల్లా పైపొరకు రుణ విద్యుదావేశం ఉంటుంది, ధనావేశమున్న కొలిస్టిన్ అక్కడ అతుక్కుని పొరను చీలుస్తుంది. క్లెబ్సియెల్లాలో ఎంజీఆర్-బీ అనే చిట్టి ప్రొటీన్ ఉంది, పొడవు 47 అమైనో ఆమ్లాలే. పైపొరను మార్చేసే ఒక వ్యవస్థను అది అదుపులో పెడుతుంది. డీఎన్ఏలో అటూ ఇటూ గెంతే చిన్న ముక్క ఏదైనా వచ్చి ఈ జన్యువు మధ్యలో పడితే ఆ అదుపు పోతుంది. పైపొర ఆవేశం తగ్గిపోయి కొలిస్టిన్ జారిపోతుంది. మన దేశపు ఆసుపత్రుల్లో రక్తంలో దొరికిన కొలిస్టిన్‌కు లొంగని క్లెబ్సియెల్లాలో ఈ దెబ్బతిన్న జన్యువే తరచుగా కనబడింది.

2015లో చైనాలో ఇంకో దారి బయటపడింది. ప్లాస్మిడ్ మీద తిరిగే ఎంసీఆర్-1 జన్యువు, అదీ పశువుల్లో. మన దేశంలో కూడా కోళ్ల దాణాలో కొలిస్టిన్ కలిపేవారు. 2019 జులైలో కేంద్రం దాన్ని నిషేధించింది. మంచి నిర్ణయం, ఆలస్యంగా వచ్చినా.

దాణాలో యాంటీబయాటిక్ అన్న ఆలోచన పుట్టిన కంపెనీతో మనకొక బంధం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న రోజుల్లో, 1948లో, అక్కడ బెంజమిన్ డగ్గర్ వెలికితీసిన ఆరియోమైసిన్ ప్రపంచానికి వెల్లడైంది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అది మొదటిది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. ఆయన పోయిన కొద్దికాలానికే, దాణాలో కొంచెం ఆరియోమైసిన్ కలిపితే కోళ్లు త్వరగా బరువెక్కుతాయని అదే సంస్థ చూపించింది. జబ్బు మనిషి కోసం వెతికి తీసిన మందు బస్తాల్లో కోళ్లఫారాలకు చేరింది అలా.

పటాన్‌చెరు నీళ్లలో సిప్రో

2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిం లార్సన్ బృందం పటాన్‌చెరులో మందుల పరిశ్రమల వ్యర్థ జలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటి పరీక్ష ఫలితాలను ప్రకటించింది. లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో గరిష్ఠంగా ఉండేది లీటరుకు రెండు నుంచి నాలుగు మిల్లీగ్రాములు. అంటే మందు వేసుకున్న మనిషి రక్తంలో కన్నా వాగులోకి పోయే నీళ్లలో మందు ఎక్కువ. తర్వాతి ఏళ్లలో ఇసకవాగు మట్టిలో, కాజీపల్లి చెరువులో డీఎన్ఏను చదివితే నిరోధక జన్యువులు, వాటిని మోసే ప్లాస్మిడ్లు కుప్పలుగా కనబడ్డాయి.

నగరానికి ఆ చివరి సంగతి ఈ చివర మనకెందుకు అనుకోవద్దు. ప్లాస్మిడ్‌కు సర్కిల్ హద్దులు తెలియవు. ఫ్యాక్టరీ వ్యర్థాల్లో యాంటీబయాటిక్ ఎంతవరకు ఉండవచ్చో హద్దులు పెడుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో ఆ హద్దులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో దీనిపై తొలిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. లోకానికి మందులు చేసిపెట్టే ఊరు మనది. ఆ హద్దులను ఎవరో అడిగే దాకా ఆగకుండా ముందుగా మనమే పెట్టుకోవాలి.

చిన్న అంకె మంచి మందు కాదు

కల్చర్ రిపోర్టు చేతికి వచ్చాక చాలామంది ఎంఐసీ వరుస చూసి, ఏ మందు ఎదురుగా అంకె చిన్నగా ఉంటే అదే మంచిదనుకుంటారు. ఒక మందు అంకెను ఇంకో మందు అంకెతో పోల్చకూడదు. ఒక్కో మందుకు ఒక్కో హద్దు. ఈ-కోలైకి మెరోపెనెం 1 వరకు ఉంటే ‘ఎస్’, నైట్రోఫ్యూరాంటోయిన్ 32 వరకు ఉన్నా ‘ఎస్’. పైగా నైట్రోఫ్యూరాంటోయిన్ మింగితే క్రిమిని చంపేటంత మోతాదులో చేరేది మూత్రంలోనే, రక్తంలో అంత నిలవదు. మూత్రంలో మంటకు అది మంచి మందే. రక్తంలో క్రిమి దొరికినప్పుడు రిపోర్టులో దాని ఎదురుగా ‘ఎస్’ ఉన్నా డాక్టరు అది రాయరు. చాలా ల్యాబ్‌లు బ్లడ్ కల్చర్ రిపోర్టులో ఆ మందు పేరే వేయవు.